చెరువు గట్ల కుక్కలు

2006 వేసవి. అప్పట్లో నేను ఏలూరు పక్కన పెదపాడు మండలంలో ఒక పల్లెటూరి పశువుల ఆసుపత్రిలో వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్‌ని. హోదా పేరు పెద్దదే గానీ పనంతా గేదెలకు చూడి పరీక్షలు, గొర్రెలకు నట్టల మందు, అడ్డం తిరిగిన దూడను భుజం దాకా చెయ్యి పెట్టి బయటికి లాగడం. కుక్కలు మా ఆసుపత్రికి వచ్చేది తక్కువ. వచ్చినా కుక్క కరిచినవాడు వచ్చేవాడు తప్ప కుక్కను పెంచినవాడు వచ్చేవాడు కాదు.

ఆదివారాలు మాత్రం ఏలూరులో ఒక జీవకారుణ్య సంఘానికి ఉచితంగా పనిచేసేదాన్ని. నాలో దయ పొంగిపొర్లి కాదు. ఆ సంఘం కార్యదర్శి సుశీల మేడం ఇంటర్‌లో నాకు జువాలజీ చెప్పారు. రిటైరయ్యాక కూడా ఆవిడ “ఆదివారం వచ్చెయ్” అంటే రానని చెప్పే ధైర్యం నాకు ఉండేది కాదు.

సంఘానికి ఉన్న ఆస్తల్లా వన్‌టౌన్‌లో ఒక పాత గోడౌను, దాని వెనక ప్రహరీ గోడ ఉన్న ఖాళీ స్థలం. అది రత్నంగారిది. పప్పులు, బెల్లం హోల్‌సేల్‌గా అమ్మే పాతకాలపు వ్యాపారి. చీమను కూడా చేత్తో దులపరు, నోటితో ఊదుతారు. గోడౌను మాకు ఇచ్చినరోజే ఒక షరతు పెట్టారు.

“ఇక్కడ ప్రాణం తియ్యకూడదండి. పోయేది దానంతటది పోతే అది వేరు. మన చేతులతో మాత్రం వద్దండి.”

మొదట్లో ఆ షరతు ఎవరికీ బరువనిపించలేదు. లారీ కింద పడి కాలు విరిగిన కుక్కలు, గాలిపటం దారం చుట్టుకున్న కొంగలు, ఎవరో వదిలేసిన ముసలి గుర్రం, అంతే మా లోకం. కొల్లేరులో చెరువులు కొట్టేసిన ఏడాది దాకా అలాగే నడిచింది.

ఆ ఏడాది ప్రభుత్వం కొల్లేరు లోపల అక్రమంగా తవ్విన చేపల చెరువుల గట్లు పొక్లెయిన్లు పెట్టి తెంపించింది. మనుషుల కష్టనష్టాల గురించి పేపర్లు రోజూ రాశాయి. కుక్కల గురించి ఎవరూ రాయలేదు. ప్రతి చెరువు గట్టు మీదా ఒక కాపలా గుడిసె, గుడిసెకు రెండో మూడో కుక్కలు ఉండేవి. బావురుపిల్లులు, చేపలెత్తుకుపోయే పక్షులు, రాత్రిళ్ళు వలేసే దొంగలు, ఎవరొచ్చినా గట్టు దద్దరిల్లేలా మొరగడం వాటి ఉద్యోగం. గట్టు పోయాక కాపలావాళ్ళు మూటాముల్లె సర్దుకుని కూలి పనులకు వెళ్ళిపోయారు. కుక్కలకు ఎక్కడికి వెళ్ళాలో తెలియలేదు. అవి రోడ్డెక్కాయి, గుంపు కట్టాయి, ఆకలికి బాతుల మందల మీద పడ్డాయి. బాతులవాళ్ళు మాత్రం ఏం చేస్తారు? మాంసం ముక్కల్లో గుళికల మందు కలిపి పెట్టడం మొదలెట్టారు.

సుశీల మేడం ఒకరోజు అటు వెళ్ళి, ఆ మందు తిన్న కుక్క ఎలా చస్తుందో కళ్ళారా చూసి వచ్చారు. ఆ సాయంత్రం రత్నంగారి కొట్టు ముందుగదిలో సంఘం మీటింగు. ఆవిడ కుర్చీలో కూర్చోకుండానే మొదలుపెట్టారు.

“మనం అన్నిటినీ తెచ్చుకోలేం. తేలేనివాటిని ఆ గుళికలకు వదిలెయ్యడం దయా? ఒక్క ఇంజెక్షనుతో నిద్రపోయినట్టు పోతాయి. ఎన్నో దేశాల్లో జంతు సంఘాలే ఆ పని చేస్తున్నాయి. అదీ దయే.”

ఆవిడ అన్నది యూథనేషియా గురించి. అంటే నొప్పి తెలియకుండా ప్రాణం తియ్యడం. ఆపరేషన్లకు వాడే మత్తుమందునే మోతాదు పెంచి నరంలోకి ఎక్కిస్తే జంతువు ముందు నిద్రలోకి జారుతుంది, తర్వాత ఊపిరి ఆగిపోతుంది. వెన్ను విరిగిన పశువులకు నేను అప్పటికే చాలాసార్లు చేశాను. చేసిన ప్రతిసారీ అన్నం సహించలేదు గానీ, చెయ్యకుండా వదిలేసి వచ్చినరోజు నిద్ర కూడా పట్టలేదు.

రత్నంగారు తల అడ్డంగా ఊపారు. “ఏవండీ మేడంగారూ, ఆరోగ్యంగా ఉన్న కుక్కని, తిండి పెట్టలేమని చెప్పి చంపుతామా అండీ? అదేం సంఘమండీ?”

“పెట్టలేమన్నది నిజమా కాదా?” అన్నారావిడ.

ఇద్దరూ నావైపు చూశారు. నేను చట్టం చెప్పాను. అంతకు కొన్నేళ్ళ ముందు వచ్చిన నిబంధనల ప్రకారం నయం కాని జబ్బు, బతకనంత గాయం ఉన్న వీధికుక్కనే డాక్టరు చూసి అలా పంపించాలి. ఆరోగ్యంగా ఉన్నదాన్ని ముట్టుకోకూడదు. చట్టం వెనక దాక్కుని నేను తప్పించుకున్నానని మేడం అన్నారు. కొంత నిజమే. ఇద్దరిలో ఎవరి మాటా నాకు పూర్తిగా తప్పనిపించలేదు, ఎవరి మాటా పూర్తిగా సరిపోలేదు.

చివరికి గోడౌను పట్టినన్ని కుక్కలను తెచ్చుకోవాలని తేలింది. ఒక రైతు ట్రాక్టరు ఇచ్చాడు. ట్రక్కుకు వెదురు దడి కట్టి రెండు మూడు విడతల్లో తోలుకొచ్చాం. వాటిని పట్టుకోవడానికి మా అందరికీ తల ప్రాణం తోకకొచ్చింది. గొలుసుతో, దర్జాగా, తనంతట తాను ట్రక్కెక్కిన కుక్క ఒక్కటే. దాని గొలుసు పట్టుకున్న మనిషి పేరు ఖాసిం.

యాభై ఏళ్ళుంటాయి. ఒక చెరువు మీద చాలాకాలం కాపలా ఉన్నాడు. చెరువు పోయాక బావమరిది సాయంతో తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్లో బస్తాలు మోసే పనికి కుదిరాడు. అక్కడ వరస గదుల్లో ఒక గది. ఆ ఇంటి ఓనరు కుక్కను గుమ్మం తొక్కనివ్వనన్నాడట.

“దొర అండీ దీని పేరు,” అన్నాడు గొలుసు నా చేతికిస్తూ. “గట్టు మీద అలా నడుస్తాడండి, ఎవరో పన్ను వసూలుకొచ్చినట్టు. అందుకని మావోళ్ళంతా దొర అనేవోరు. ఓ గది దొరికేదాకా ఉంచండమ్మా. నేను వదిలేసి పోతల్లేదండి, ఆ మాట మీరు దానికి తెలిసేలా చూడండి.”

కుక్కకు ఆ మాట ఎలా తెలిసేలా చూడాలో నాకు తెలియదు. అలాగేనన్నాను.

అన్నమాట ప్రకారం అతను వచ్చేవాడు. మార్కెట్ సెలవు ఉన్న ఆదివారం పాసింజరు ఎక్కి ఏలూరులో దిగి, నడిచి గోడౌనుకు వచ్చి, గోడ నీడన దొరను పక్కన పెట్టుకుని కూర్చునేవాడు. నమాజు వేళ దగ్గరపడితే కుళాయి దగ్గర శుభ్రంగా కడుక్కుని, సంచిలోంచి వేరే చొక్కా తీసి వేసుకునేవాడు. “కుక్కని ముట్టుకున్న బట్టలతో పోకూడదు కదండీ” అని నవ్వేవాడు. దొర గేటు దాకా సాగనంపేది.

ఇక తిండి సంగతి. గోడౌనులో ఒకే పొయ్యి ఉండేది. ప్రతి శనివారం ఆ పొయ్యి మీదే రత్నంగారు పెద్ద గుండిగతో పులిహోర వండించి గుడి దగ్గర పంచేవారు. మిగతా రోజుల్లో మా మనిషి పోలయ్య దాని మీద కుక్కలకు పప్పన్నం వండేవాడు. గట్ల మీద పెరిగిన కుక్కలు కదా, పప్పన్నాన్ని శిక్ష అనుభవిస్తున్నట్టు తినేవి. కొన్నాళ్ళకు ఒక చేపల వ్యాపారి మా సంగతి విని, ఎండిపోతున్న చెరువుల్లో బురదలో చచ్చిన చిన్న శీలావతులు, బొచ్చెలు ట్రేలకు ట్రేలు ఊరికే పంపిస్తానన్నాడు. మాకు ఆకాశం నుంచి ఊడిపడ్డట్టయింది.

అడ్డంకి ఒక్కటే, పొయ్యి. దేవుడి పులిహోర వండే పొయ్యి మీద చేపలు ఎలా ఉడికిస్తారు? పోలయ్యే నోరు తెరిచి అడిగాడు. చేపలు తన గోడౌను గుమ్మం దాటి లోపలికి రావడమే రత్నంగారికి కష్టం. ఆ కష్టాన్ని మింగి ఇలా అన్నారు.

“తెప్పించండి. వాటి తిండి వాటిది, నేను అడ్డు చెప్పను. వండటం మాత్రం వద్దండీ. పచ్చివే పెట్టండి. కుక్కకి వంటెందుకండి, పచ్చివైతే ఇంకా ఇష్టంగా తింటాయి కదా.”

అంత శాకాహారి అంత దూరం దిగి రావడం చూసి మేడం కూడా మెచ్చుకున్నారు. నాకూ అందులో అభ్యంతరం కనిపించలేదు. కుక్కలైతే పండగ చేసుకున్నాయి. పప్పన్నం గుండిగ మూలకు వెళ్ళింది. బలమైనవి ముందు ఎగబడి తినేవి, అందరికంటే ముందు దొర. కొద్దిరోజుల్లోనే వాటి ఒంటికి నునుపు వచ్చింది. ఖాసిం దొర మెడ నిమిరి, “ఇక్కడ నాకంటే బాగా చూస్తన్నారండి” అన్నాడు. మాకు ఎంత గర్వమనిపించిందో చెప్పలేను.

కొన్ని వారాలకు ఆ గర్వం దిగింది. పోలయ్య ఆసుపత్రికి ఫోను చేశాడు. “దొర తినడం మానేసిందండి. తాగినోడిలాగా తూలతందండి.” నేను వెళ్ళేసరికి దొర గోడకు ఆనుకుని నిలబడి ఉంది. తల ఛాతీ వైపు వంగిపోయి ఉంది, ఎత్తబోతే మెడ సహకరించడం లేదు. కంటిపాపలు పెద్దవైపోయాయి. చెయ్యి ముందు ఆడిస్తే చూపు తగల్లేదు. ఆ సాయంత్రం దానికి ఫిట్స్ వచ్చాయి. మర్నాటికి మరో రెండు కుక్కలు, ఆ తర్వాత ఇంకొన్ని. ఒకటి గిర్రున తిరుగుతుంది, ఒకటి వెనక కాళ్ళు ఈడుస్తుంది, ఒకటి పడుకుని కాళ్ళు తొక్కుతుంది.

వీధిలో గుప్పుమంది. పిచ్చికుక్కల్ని తెచ్చి ఊరి నడిబొడ్డున పెట్టారని. పిల్లలున్న తల్లులు గేటు ముందుకొచ్చి నిలబడ్డారు. వాళ్ళను తప్పుపట్టలేను, నా పిల్లలే ఆ వీధిలో ఉంటే నేనూ వచ్చి నిలబడేదాన్ని. రాబీస్ అయితే బతికించే మందు లేదు. డిస్టెంపర్ అని కుక్కలకు ఇంకో వైరస్ జబ్బు ఉంది. అది మెదడుకు ఎక్కాక కూడా దాదాపు అంతే. ఏదైనా ‘నయం కాని జబ్బు’ కిందికే వస్తుంది. అంటే చట్టం ఇప్పుడు నాకు అడ్డు రాదు.

మళ్ళీ కొట్టు ముందుగదిలో మీటింగు. ఈసారి మేడం నిలబడి మాట్లాడలేదు. కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుని మెల్లగా అన్నారు, “ఇప్పుడు కూడా వద్దంటే అది మన మొండితనమే రత్నంగారూ. అవి నరకం పడుతున్నాయి.”

రత్నంగారు బెల్లం దిమ్మల మీద ఈగలను తోలుతున్నట్టు చెయ్యి ఊపుతూ కూర్చున్నారు. చివరికి నావైపు తిరిగారు. “డాక్టరమ్మగారూ, మీరు తప్పదంటే తప్పదండి. ఆదివారం కానివ్వండి. ముందు ఒక్కోదాని నోట్లో రెండు చుక్కలు తులసినీళ్ళు పొయ్యనివ్వండి నన్ను. తర్వాత నేను వెళ్ళిపోతాను, చూడలేనండి.” గెలిచిన మేడం ముఖం ఆయన ముఖంకంటే దిగులుగా ఉంది.

ఆ ఆదివారం పొద్దున్న మందు, సిరంజీలు పట్టుకుని వెళ్ళాను. ఖాసిం అప్పటికే వచ్చి ఉన్నాడు. పోలయ్య అంతా చెప్పేసినట్టున్నాడు. నేల మీద కూర్చుని దొర తల ఒళ్ళో పెట్టుకున్నాడు. దొరకు చూపు లేదు, లేవలేదు. కానీ తోక నేలకు కొట్టుకుంటోంది. మనిషిని వాసనతో పోల్చుకుంది.

“డాక్టరు గారండీ,” అన్నాడు, “మిగతా వాటి సంగతి నాకు తెలవదు. వీణ్ని ఒక్కరోజు ఆపండమ్మా. నేనిక్కడే పడుకుంటాను. కరిస్తే నన్నే కరవనివ్వండి.”

“ఒక్కరోజు ఆపితే ఏమొస్తుంది ఖాసిం గారూ? దాని బాధ ఒక్కరోజు పెరుగుతుంది, అంతే.” నా గొంతు కటువుగానే ఉంది.

“తెలుసండి. కానీ వీడు నాకు చెప్పకుండా పోడండి.”

ముందు వేరేవాటితో మొదలుపెడదామని లేచాను. అలవాటు కొద్దీ ఒక్కోదానికీ థర్మామీటరు పెట్టాను. జ్వరం లేదు. ముక్కు కారడం లేదు, కళ్ళ పుసి లేదు. డిస్టెంపర్ అయితే ఈ పాటికి ఉండాలి. రాబీస్ ఒకదాన్నొకటి కరుచుకోకుండా ఇన్నిటికి ఒకే వారంలో రాదు. అప్పుడు గేటు దగ్గర కట్టేసిన ముసలి ఆడకుక్క నన్ను చూసి ఆవులించింది. పళ్ళన్నీ ఊడిపోయిన కుక్క అది. ముల్లు నమలలేదని పోలయ్య తన క్యారేజీలో మిగిలిన పప్పన్నమే దానికి పెట్టేవాడు. దానికి ఏ జబ్బూ లేదు. దాని పక్కనే పడుకునే బక్క కుక్కలు, బలమైనవి తరిమేస్తే చేపలు అందక అది వదిలిన అన్నం మెతుకులతో బతికేవి, అవి కూడా నిక్షేపంగా ఉన్నాయి. పడిపోయినవన్నీ బలిసినవే. మందలోకి అంటురోగం వస్తే ముందు బలహీనమైనవి పడాలి. ఇక్కడ లెక్క తిరగబడింది.

వెనక్కి వచ్చి ఖాసిం ఎదురుగా గొంతుక్కూర్చున్నాను. మా వృత్తిలో హిస్టరీ అని ఒకటుంటుంది. జబ్బుకు ముందు ఆ జంతువు ఎక్కడుంది, ఏం తింది, ఎప్పుడు మారింది, ఇవన్నీ యజమానిని అడిగి తెలుసుకోవడం. జంతువు చెప్పలేదు కనుక మాకు అదే సగం వైద్యం. వీధికుక్కల దగ్గర ఆ అలవాటు మాకు పోతుంది, అడగడానికి మనిషి ఉండడు కదా. ఈ కుక్కల్లో ఒక్కదానికి మాత్రం మనిషి ఉన్నాడు.

“చెరువు మీద దీనికేం పెట్టేవారు?”

“చేపలేనండి.” అతను అయోమయంగా చూశాడు. “చచ్చినియ్యి.”

“పచ్చివా?”

“అబ్బే, పచ్చియ్యి ఎందుకు పెడతామండి? చేపల మేతకని తౌడు బస్తాలు ఉండేయి కదండీ. రెండు దోసిళ్ళ తౌడు, ఓ నాలుగు చేపలు కుండలో పడేసి ఊకపొయ్యి మీద ఉడకబెట్టేవోళ్ళం. గట్ల మీద అందరూ అంతేనండి. ఏమండీ, తప్పాండి?”

తప్పు కాదు. నాకు అప్పుడు గుర్తొచ్చింది. కాలేజీలో ఎప్పుడో ఒక క్లాసు, పరీక్షకు రాదని సగం విన్న పాఠం. శీలావతి, బొచ్చె లాంటి చేపల పచ్చి మాంసంలో, పేగుల్లో థయామినేజ్ అని ఒక పదార్థం ఉంటుంది. అది తిండిలోని బీ వన్ విటమిన్‌ను విరిచేస్తుంది. రోజూ పచ్చి చేపలే తింటే కొన్ని వారాలకు మెదడు దెబ్బతింటుంది. తూలడం, మెడ వాలిపోవడం, చూపు పోవడం, ఫిట్స్. చేపను ఉడికిస్తే ఆ పదార్థం నశిస్తుంది. ఇక తౌడు నిండా బీ వన్నే. గట్ల మీద వాళ్ళెవరికీ ఈ విటమిన్ల గొడవ తెలియదు, ఉన్నదేదో ఉడకేసి పెట్టారు, కుక్కలు బతికాయి. మేం దేవుడి పొయ్యి మైలపడకూడదని పచ్చివి పెట్టాం.

మత్తుమందు సిరంజికి మూత పెట్టి సంచిలో వేశాను. పోలయ్యను మెడికల్ షాపుకు పరిగెత్తించాను. మన ముసలివాళ్ళు నీరసంగా ఉందని అడిగి మరీ వేయించుకుంటారే, ఆ బీ విటమిన్ల ఎర్ర ఇంజెక్షను, షాపులో ఉన్నవన్నీ తెమ్మన్నాను. చేపలన్నీ పారబోయించాను. పడిపోయిన ప్రతి కుక్కకూ ఇంజెక్షను వేశాను. మొదటిది దొరకు. తులసినీళ్ళ చెంబుతో వచ్చిన రత్నంగారు గుమ్మంలోనే నిలబడిపోయారు.

“ఏమైందండి? మొదలెట్టేశారా?”

“మొదలెట్టాను. చంపడం కాదు,” అన్నాను. విషయం చెప్పాను. పొయ్యి మాట వచ్చేసరికి ఆయన ముఖం పాలిపోయింది. చెంబు కింద పెట్టి, నెత్తి మీద చెయ్యి పెట్టుకుని అరుగు మీద కూలబడ్డారు. మేడం ఆయన పక్కన కూర్చుని, “మనమందరం ఒప్పుకున్నాం కదండీ” అన్నారు. ఆ ఇద్దరూ ఒకే వైపు ఉండగా నేను చూడటం అదే మొదలు.

ఎర్ర ఇంజెక్షను చేసిన పని చూస్తే నాకే ఆశ్చర్యం వేసింది. మర్నాడు సాయంత్రానికి కొన్ని లేచి నిలబడ్డాయి. ఆ వారం మధ్యలో గిర్రున తిరిగే కుక్క తిన్నగా నడిచి వచ్చి పోలయ్య పంచె చెంగు లాగింది. ఒకటి రెండు పోయాయి గానీ తక్కినవి తేరుకున్నాయి. గేటు దగ్గరి తల్లులు నమ్మకపోతే వాళ్ళను లోపలికి పిలిచి చూపించాను.

దొర లేవలేదు. అందరికంటే ముందు పడిపోయింది, అందరికంటే ఎక్కువ తింది, మందు అందేలోపే ఎన్నో ఫిట్స్ వచ్చి మెదడు పాడైపోయింది. వారమంతా చూశాను. మోతాదు పెంచాను, సెలైన్ ఎక్కించాను. ఫిట్స్ ఆగలేదు. మింగడం పోయింది. మరుసటి ఆదివారం ఖాసిం వచ్చి పక్కన కూర్చున్నాడు. ఈసారి తోక కూడా కదల్లేదు. చాలాసేపు దాని చెవి వెనక గోకుతూ ఉండిపోయాడు. ఇక పంపించేద్దామన్న మాట నా నోటి నుంచి రాకూడదనుకున్నాను.

“అమ్మా,” అన్నాడు చివరికి, “ఆ వేళ ఆపమన్నాను గదండీ. ఇప్పుడు మీరు చెయ్యండి.”

రత్నంగారు అక్కడే ఉన్నారు. ఆ వారం ఆయన కొట్టుకంటే గోడౌనులోనే ఎక్కువ ఉన్నారు. చప్పున అడ్డొచ్చారు. “వద్దయ్యా ఖాసిం. ఇన్ని లేచినయి, ఇదీ లేస్తుందేమో. ఇంకో వారం చూద్దాం. ఖర్చు ఎంతైనా నేను పెట్టుకుంటాను.”

“మీ మంచితనమండి బాబుగారూ,” అన్నాడు ఖాసిం, తల ఎత్తకుండా. “కానీ వీడు ఇందులో లేడండి. ఉంటే నాకు తెలుస్తది.”

రత్నంగారు నావైపు చూశారు. నేను తలూపాను. ఇది నయం కాదు. రాబీస్ అనుకున్నరోజు నయం కాదని అనుకున్నాను అంతే, ఈరోజు నాకు తెలుసు. ఆ రెంటికీ మధ్య ఎంత దూరం ఉందో ఆ క్షణంలో నా చేతులకు తెలిసింది.

ఆయన లోపలికి వెళ్ళి చెంబు తెచ్చారు. తెచ్చాక గాని గుర్తు రాలేదు కాబోలు, ఖాసిం ముందు ఆగి తటపటాయించారు. ఖాసిం చూసి పక్కకు జరిగి చోటిచ్చాడు.

“పొయ్యండి బాబుగారూ. దాహం మీదుంటాడు.”

రత్నంగారు వంగి దొర పెదవులు తడిపారు. ఖాసిం నోట్లో నోట్లో ఏదో చదువుకున్నాడు. సుశీల మేడం, ఇంజెక్షను కావాలని మొదటినుంచీ వాదించిన మనిషి, గోడవైపు తిరిగి ఏడుస్తున్నారు. వెళ్ళిపోతానన్న రత్నంగారు వెళ్ళలేదు. దొర ముందరి కాలు తనే పట్టుకున్నారు. నరం దొరికింది, మందు ఎక్కించాను. దొర పెద్ద ఊపిరి ఒకటి తీసుకుంది, ఒళ్ళంతా సడలింది. వారం రోజుల్లో అది మొదటిసారి మామూలు కుక్కలా పడుకుంది.

ఆ మర్నాడే పెరట్లో ఇటుకలతో వేరే ఊకపొయ్యి కట్టించారు రత్నంగారు. తౌడు బస్తా ఆయన కొట్టు నుంచే వచ్చేది. కోలుకున్న కుక్కలు కొన్ని పెదవేగి వైపు ఆయిల్‌పామ్ తోటలకు కాపలాకు వెళ్ళాయి. అయినా అసలు తగవు తీరలేదు. గోడౌనులో పట్టని కుక్కలు కొల్లేరు లంకల్లో ఇంకా చాలా మిగిలాయి. వాటిని ఏం చెయ్యాలని మేడం అడుగుతూనే ఉన్నారు, రత్నంగారు వద్దంటూనే ఉన్నారు. నేను అక్కడ పనిచేసినన్నాళ్ళూ ఆ వాదన సాగింది. నన్ను అడిగితే ఇప్పటికీ మేడం అడిగిన ప్రశ్న న్యాయమైనదే అంటాను. రత్నంగారి భయమూ న్యాయమైనదే.

కానీ ఈ కేసు తర్వాత నాకు ఒక సంగతి అర్థమైంది. ఎవరికీ అక్కర్లేని జంతువు అంటే తిండి పెట్టేవాళ్ళు లేనిది కాదు, దాని హిస్టరీ చెప్పేవాళ్ళు లేనిది. అందుకే దానికి వచ్చిన ఏ జబ్బయినా మనకు నయం కాని జబ్బులాగే కనిపిస్తుంది. ఆ రోజు అన్నేసి కుక్కలు బతికింది నా తెలివితో కాదు, వాటిలో ఒక్కదానికి ఆదివారం పాసింజరెక్కి వచ్చే మనిషి ఉండటం వల్ల. ఆ కుక్క మాత్రం బతకలేదు.

ఇప్పటికీ ఎవరైనా వీధికుక్కను తీసుకొచ్చి, “చూడలేకపోతున్నామండి, దీన్ని పంపించేయండి డాక్టరుగారూ” అంటే నేను ముందు ఒకటే అడుగుతాను, ఇన్నాళ్ళూ ఇది ఏం తింది అని. “మాకేం తెలుసండీ” అంటారు.

“అయితే వెళ్ళి ఆ వీధిలో కనుక్కుని రండి,” అంటాను. “అందాకా ఇది నా దగ్గరుంటుంది.”